లోయరింగ్ చేయించాక టైర్లు ఒకవైపే అరగకుండా: స్ప్రింగులు కొనే ముందు నుంచి 5,000 కిలోమీటర్ల దాకా

స్ప్రింగులు మార్పించి కారును 30, 40 మిల్లీమీటర్లు కిందికి దించుకున్నవాళ్లలో చాలామందికి కొన్ని నెలలకు ఎదురయ్యేది ఒకటే. బయటి నుంచి చూస్తే టైరు కొత్తదిలాగే ఉంటుంది. స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, టైరు లోపలి అంచు మీద చేయి పెడితే గాడులు లేకుండా నున్నగా తగులుతుంది. అప్పటికీ పట్టించుకోకపోతే లోపలి అంచున తీగలు బయటపడతాయి. పంక్చర్ షాపతను చక్రం విప్పి చూపించేదాకా ఓనర్‌కు విషయం తెలియదు.

దీనికి అందరూ క్యాంబర్‌ను, అంటే చక్రం నిలువుగా కాక లోపలికో బయటికో వాలే కోణాన్ని, తిడతారు. నిజానికి టైరును ఎక్కువగా తినేది టో, అంటే పైనుంచి చూస్తే చక్రం ముక్కు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం. ఆ తినే చోటు లోపలి అంచు అయ్యేలా చేసేది క్యాంబర్. ఈ తేడా అర్థమైతే డబ్బు ఎక్కడ పెట్టాలో, అలైన్‌మెంట్ షాపులో ఏ అంకె కోసం పట్టుబట్టాలో తెలుస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా ముందువైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉన్న నిలువు గొట్టం), వెనకవైపు టోర్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే అడ్డ దూలం) ఉన్న కార్ల గురించి. స్విఫ్ట్, ఐ20, హోండా సిటీ, పోలో అన్నీ ఈ కోవలోవే. వెనక మల్టీలింక్ (ఒక్కో చక్రానికి విడివిడిగా కొన్ని ఆర్మ్‌లు) ఉన్న ఆక్టేవియా ఆర్ఎస్ లాంటి వాటికి తేడా ఎక్కడ వస్తుందో ఆ చోట చెబుతాం.

కారు దిగితే లోపల ఏం కదులుతుంది

స్ట్రట్ పై కొస బాడీకి బిగించి ఉంటుంది. కింద లోయర్ ఆర్మ్ (చక్రాన్ని పట్టి ఉంచే అడ్డ చేయి) లోపలి కొస బుష్‌లతో (రబ్బరు కూర్పులతో) సబ్‌ఫ్రేమ్‌కు (బాడీ కింద బిగించే ఇనుప చట్రానికి), బయటి కొస బాల్ జాయింట్‌తో చక్రం మోసే నకిల్‌కు కలుస్తుంది. కారు దిగిందంటే బాడీ, సబ్‌ఫ్రేమ్ దిగాయి, చక్రం ఉన్నచోటే ఉంది. కాబట్టి ఆర్మ్ బయటి కొస లోపలి కొస కన్నా పైకి లేచినట్టవుతుంది. ఆర్మ్ పొడవు 350 మి.మీ. అనుకుంటే, 35 మి.మీ. దించినప్పుడు ఆర్మ్ తిరిగే కోణం దాదాపు 6 డిగ్రీలు. ఈ 6 డిగ్రీలను గుర్తుంచుకోండి, బుష్‌ల దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

ఆర్మ్ తిరగడంతో చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. ఇది నెగెటివ్ క్యాంబర్. 30 నుంచి 40 మి.మీ. దించితే ఇలాంటి కార్లలో సాధారణంగా అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా పెరుగుతుంది.

టో కూడా మారుతుంది. కారును పైనుంచి చూసినప్పుడు ముందు చక్రాల ముక్కులు లోపలికి తిరిగి ఉంటే టో ఇన్, బయటికి తిరిగి ఉంటే టో అవుట్. స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే టై రాడ్ పొడవు, అది ఉన్న కోణం లోయర్ ఆర్మ్‌తో సరిగ్గా సమానంగా ఉండవు. ఆ రెండింటి బయటి కొసలూ రెండు వేరు వంపుల్లో కదులుతాయి కాబట్టి ఎత్తు మారగానే చక్రం కొద్దిగా తిరుగుతుంది. స్టీరింగ్ ర్యాక్ ఇరుసుకు వెనక ఉన్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో ఎక్కువగా ఇది టో అవుట్ వైపు పోతుంది. మీ కారులో ఎటు పోయిందో కొలిస్తేనే ఖాయంగా తెలుస్తుంది.

ఈ "కొద్దిగా" ఎంతో చూడండి. ఒక్కో చక్రం టో 0.1 డిగ్రీ తప్పిందనుకుందాం. 15 అంగుళాల రిమ్ ముందు అంచుకూ వెనక అంచుకూ మధ్య అది 0.7 మి.మీ. తేడా, దాదాపు ఒక ఏటీఎం కార్డు మందం. కంటికి ఆనదు. లెక్క ప్రకారం మాత్రం ఆ చక్రం ప్రతి కిలోమీటరుకూ 1.7 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోవాలి. 10,000 కిలోమీటర్లు తిరిగితే 17 కిలోమీటర్ల ఈడుపు. క్యాంబర్ మామూలుగా ఉంటే ఆ రాపిడి టైరు వెడల్పంతా పంచుకుంటుంది. నెగెటివ్ క్యాంబర్ ఉంటే బరువు లోపలి అంచు మీద కూర్చుంటుంది కాబట్టి ఆ అంచే ఎక్కువ నష్టపోతుంది. అందుకే ఒక డిగ్రీ నెగెటివ్ క్యాంబర్ ఉన్నా టో సున్నా దగ్గర ఉన్న కారు టైర్లు చాలాకాలం సమంగా అరుగుతాయి. క్యాంబర్ అర డిగ్రీయే ఉన్నా టో చెడిన కారు టైర్లను త్వరగా పోగొట్టుకుంటుంది.

అడుగు 1: ఒక్క బోల్టు విప్పకముందే కొలతలు

సమతలంగా ఉన్న చోట కారు నిలిపి, గాలి సరిచూసి, నాలుగు మూలలా చక్రం మధ్యబిందువు నుంచి ఫెండర్ అంచు దాకా ఎత్తు కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలవద్దు, టైరు అరుగుదల, గాలి ఆ కొలతను మార్చేస్తాయి.

తర్వాత ప్రతి టైరుకూ గాడి లోతు మూడు చోట్ల కొలవండి: లోపలి అంచు, మధ్య, బయటి అంచు. డెప్త్ గేజ్ చిన్న సాధనమే, కొని గ్లోవ్ బాక్సులో పెట్టుకోండి. ఈ పన్నెండు అంకెలు లేకపోతే తర్వాత ఏది పాత అరుగుదలో, ఏది కొత్తదో చెప్పలేరు.

అదే రోజు అలైన్‌మెంట్ షాపులో ఏమీ సరిచేయించకుండా కొలతల ప్రింట్ మాత్రం తీసుకోండి. అప్పటికే వెనక బీమ్ వంకర ఉన్నా, ముందు ఎడమ కుడి క్యాంబర్‌లో పెద్ద తేడా ఉన్నా ఇప్పుడే బయటపడాలి. గుంతలో పడి వంగిన భాగం మీద కొత్త స్ప్రింగులు వేస్తే తప్పంతా స్ప్రింగుల మీదికి పోతుంది.

చట్టం సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్న వాటికీ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. మీ మార్పు గురించి ఆర్టీవో ఆఫీసులో, బీమా కంపెనీలో ముందే అడిగి తెలుసుకోండి.

అడుగు 2: ఎంత దించాలి, దేనితో దించాలి

మన రోడ్ల మీద రోజూ తిరిగే కారుకు 25 నుంచి 35 మి.మీ. మించవద్దని మా గట్టి అభిప్రాయం. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మి.మీ. 35 తీసేస్తే మిగిలేది 128. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల్లో కట్టిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 100 మి.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థపు వంపుతో ఉంటుంది. 2,450 మి.మీ. వీల్‌బేస్ ఉన్న కారు దాని మీద నిలిచినప్పుడు కారు నడుము కింద అది తినే ఎత్తు 45 మి.మీ. లోపే. కాలనీల్లో ఎవరికి వారు పోసుకున్న చిన్న గట్టు అలా కాదు, దాని ఎత్తు 100 ఉంటే మొత్తం 100 తినేస్తుంది. నలుగురు కూర్చున్న కారుకు ఇక మిగిలేదేమీ ఉండదు. అడుగు తగిలిన ప్రతిసారీ సబ్‌ఫ్రేమ్, ఆర్మ్ మీద దెబ్బ పడుతుంది, దాంతో కుదిర్చిన అలైన్‌మెంట్ కదులుతుంది.

స్ప్రింగ్ చుట్లు కోయించడం, గ్యాస్ మంటతో వేడి చేసి కుంగదీయడం అసలే వద్దు. కోసిన కొస స్ప్రింగ్ సీటులో సరిగ్గా కూర్చోదు, జాకీ మీద చక్రం వేలాడినప్పుడు ఊడి పక్కకు జరుగుతుంది. వేడి చేసిన ఉక్కు తన పదును కోల్పోయి ఎడమ ఒకలా, కుడి ఒకలా కుంగుతుంది. ఎత్తు తేడా అంటే క్యాంబర్ తేడా, అంటే రెండు టైర్లు రెండు రకాలుగా అరగడం.

మీ మోడల్‌కూ, ఇంజిన్‌కూ సరిపడే స్ప్రింగులే తీసుకోండి. డీజిల్ ఇంజిన్ ముందువైపు బరువు ఎక్కువ, పెట్రోల్ కారు స్ప్రింగులు దానికి వేస్తే అనుకున్నదానికంటే కిందికి దిగుతుంది.

షాక్ అబ్జార్బర్లు పాతవైతే స్ప్రింగులతో పాటే మార్చండి. 60,000 కిలోమీటర్లు తిరిగిన షాక్‌ల మీద గట్టి స్ప్రింగులు వేస్తే చక్రం రోడ్డు మీద చిన్నచిన్నగా ఎగురుతూ పోతుంది. టైరు చుట్టూ గిన్నెలు తోడినట్టు అక్కడక్కడా పల్లాలు పడతాయి. ఆ అరుగుదలను ఎంత అలైన్‌మెంట్ చేయించినా ఆపలేరు. అలాగే స్ప్రింగ్ కిట్‌తో పొట్టి బంప్ స్టాపులు (షాక్ పూర్తిగా నలగకుండా అడ్డుకునే దిమ్మలు) ఇస్తే వాటినే వేయండి. పాతవి ఉంచితే షాక్ ప్రయాణంలో సగం అక్కడే ఆగిపోతుంది.

అడుగు 3: వదులైన భాగాలు ముందే మార్చాలి

కారు జాకీ మీద ఉండగానే ఇవి చూడండి. చక్రాన్ని మూడు, తొమ్మిది గంటల స్థానాల్లో పట్టి కుదిపితే ఆడితే టై రాడ్ ఎండ్ లేదా లోపలి రాడ్ పోయినట్టు. పన్నెండు, ఆరు స్థానాల్లో ఆడితే బేరింగ్ లేదా బాల్ జాయింట్. లోయర్ ఆర్మ్ వెనక బుష్‌కు పక్కన గడ్డపార లాంటి రాడ్ పెట్టి మెల్లగా ఎత్తండి, రబ్బరు చీలిక కనిపిస్తే మార్చాల్సిందే. ఆ బుష్ వదులైతే బ్రేకు వేసినప్పుడల్లా చక్రం వెనక్కు జరిగి టో మారిపోతుంది. నిలిపి ఉన్న కారు మీద మెషిన్ అంతా బాగుందనే చూపిస్తుంది, రోడ్డు మీద మాత్రం టైరు అరుగుతూనే ఉంటుంది.

స్ట్రట్ పై మౌంటు, బేరింగ్ ఎలాగూ విప్పుతారు. గట్టిపడ్డవి, పగిలినవి మళ్లీ బిగించి రెండోసారి కూలీ ఇచ్చుకోవద్దు.

అడుగు 4: బిగింపు, ముఖ్యంగా బుష్‌లు

ఎక్కువ గ్యారేజీల్లో జరిగే తప్పు ఇక్కడే. లోయర్ ఆర్మ్ బుష్‌లో రబ్బరు లోపలి ఇనుప గొట్టానికీ, బయటి గొట్టానికీ అతికి ఉంటుంది. అది బేరింగ్‌లా తిరగదు, రబ్బరు మెలితిరుగుతుంది. కంపెనీ దాన్ని కారు అసలు ఎత్తులో ఉన్నప్పుడు మెలిక లేకుండా బిగిస్తుంది. మీరు 35 మి.మీ. దించి ఆ బోల్టు ముట్టుకోకపోతే, ఇందాక చెప్పిన 6 డిగ్రీల మెలిక ఎప్పటికీ రబ్బరులో ఉండిపోతుంది. కారు లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే మెలిక ఇంకా ఎక్కువ. కొన్ని నెలలకు రబ్బరు చీలుతుంది, ఆర్మ్ కదులుతుంది, టో చెదురుతుంది. మెలికపడిన రబ్బరు స్ప్రింగులా పనిచేసి కారును కాస్త ఎత్తి పట్టుకుంటుంది కూడా, అది వదులయ్యేకొద్దీ ఎత్తు మళ్లీ మారుతుంది.

పద్ధతి ఇది. కొత్త స్ప్రింగులు వేశాక లోయర్ ఆర్మ్ లోపలి బోల్టులు, వెనక బీమ్ బాడీకి కలిసే పైవట్ బోల్టులు వదులు చేయండి, ఊడిపోయేలా కాదు, తిరిగేంత. కారును చక్రాల మీదికి దించండి. ముందు, వెనక బాడీని నాలుగైదు సార్లు కిందికి నొక్కి వదలండి. రెండడుగులు ముందుకూ వెనక్కూ తోయండి, అప్పుడే చక్రాలు పక్కకు సర్దుకుంటాయి. ఈ ఎత్తులోనే, చక్రాల మీద బరువు ఉండగానే, టార్క్ రెంచ్‌తో మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లోని టార్క్‌కు బిగించండి. కింద చోటు చాలకపోతే ర్యాంప్ మీద గానీ, చక్రాలు ఆనే లిఫ్ట్ మీద గానీ చేయాలి. బోల్టు ఒకసారి బిగించాక కోణంతో తిప్పే రకమైతే కొత్తది వేయాలి.

స్టెబిలైజర్ లింక్ రాడ్‌లు కూడా బరువు మీదే బిగిస్తే మంచిది. టైరు అరుగుదల మీద వాటి ప్రభావం తక్కువ.

కారు కింద దూరే ముందు స్టాండ్లు పెట్టండి. జాకీ ఒక్కదాని మీద ఉన్న కారు కిందికి ఎప్పుడూ వెళ్లకండి.

అడుగు 5: తాత్కాలిక టో, ఆపై 500 కిలోమీటర్లు

కొత్త స్ప్రింగులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఇంకొంచెం కుంగుతాయి. కాబట్టి ఆ రోజే చివరి అలైన్‌మెంట్ చేయిస్తే డబ్బు వృథా. అలాగని టో చూడకుండా తిప్పితే ఆ 500 కిలోమీటర్లలోనే టైరుకు దెబ్బ. అందుకని మొదటి రోజే దారంతో టో కొలిచి సున్నా దగ్గరికి తెచ్చుకోండి.

మేస్త్రీలు వాడే నైలాన్ దారం, నాలుగు స్టాండ్లు, అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు చాలు. కారుకు రెండు పక్కలా హబ్ (చక్రం బిగించే నడిమి భాగం) మధ్య ఎత్తులో ముందు నుంచి వెనక దాకా దారం లాగి కట్టండి. ముందు రెండు హబ్‌ల నుంచి దారానికి దూరం ఎడమ కుడి సమానంగా ఉండాలి. వెనక హబ్‌లకూ అంతే. ముందు, వెనక చక్రాల మధ్య వెడల్పులు వేరు కాబట్టి ముందు దూరం వెనక దూరంతో కలవకపోవచ్చు, అది తప్పు కాదు. రెండు దారాల మధ్య దూరం మాత్రం ముందూ వెనకా ఒకటే ఉండాలి. స్టీరింగ్ నిటారుగా కట్టేసి, ఒక్కో ముందు చక్రానికి దారం నుంచి రిమ్ ముందు అంచుకూ, వెనక అంచుకూ దూరం కొలవండి. ముందు అంచు దూరం ఎక్కువైతే టో ఇన్, తక్కువైతే టో అవుట్. తేడా 1 మి.మీ. ఉంటే ఆ చక్రానికి సుమారు 8, 9 నిమిషాల కోణం. డిగ్రీకి 60 నిమిషాలు.

క్యాంబర్ కూడా చూసుకోవచ్చు. దారానికి బరువైన నట్టు కట్టి ఫెండర్ అంచు నుంచి చక్రం బయటి ముఖానికి ఎదురుగా వేలాడదీసి, రిమ్ పై అంచుకూ కింది అంచుకూ దూరం కొలవండి. పైన 7 మి.మీ. ఎక్కువ ఉంటే నెగెటివ్ ఒక డిగ్రీ. నేల ఒక పక్కకు వాలి ఉంటే ఈ లెక్క తప్పుతుంది, చక్రాల కింద ఫ్లోర్ టైల్ ముక్కలు పెట్టి సమం చేసుకోండి.

500 కిలోమీటర్లు తిరిగాక నాలుగు మూలల ఎత్తు మళ్లీ కొలవండి. ఎడమ కుడి తేడా 5 మి.మీ. దాటితే స్ప్రింగ్ సీటులో సరిగ్గా కూర్చుందో లేదో చూడకుండా అలైన్‌మెంట్‌కు వెళ్లవద్దు.

అడుగు 6: క్యాంబర్ ఎప్పుడు సరిచేయాలి, ఎలా

ముందు క్యాంబర్ నెగెటివ్ అర డిగ్రీ నుంచి 1.2 డిగ్రీల మధ్య ఉండి, ఎడమ కుడి తేడా అర డిగ్రీ లోపు ఉంటే వదిలేయండి. 1.5 దాటితే, లేదా రెండు పక్కలా తేడా ఎక్కువైతే సరిచేయాలి.

స్ట్రట్‌కూ నకిల్‌కూ మధ్య రెండు బోల్టులున్న కార్లలో, స్విఫ్ట్, సిటీ, ఐ20 లాంటివాటిలో, ఒక బోల్టు స్థానంలో క్యాంబర్ బోల్టు వేయవచ్చు. దాని నడుము మీద పక్కకు పొడుచుకొచ్చిన మెట్టు ఉంటుంది. తిప్పితే అది నకిల్‌ను లోపలికో బయటికో తోస్తుంది. సాధారణంగా డిగ్రీన్నర దాకా సర్దుబాటు వస్తుంది. బోల్టు మందం మీ రంధ్రానికి సరిపోవాలి, సన్నది వేస్తే లోపల జారి ఒక గుంత దెబ్బకే క్యాంబర్ మారిపోతుంది. ఈ బోల్టు నడుము సన్నగా ఉంటుంది కాబట్టి అసలు బోల్టు టార్క్ పెట్టకండి, కిట్‌తో వచ్చిన కాగితంలో ఉన్నదే పెట్టండి. బిగించాక తలకూ స్ట్రట్‌కూ కలిపి పెయింట్ గీత గీయండి. 200 కిలోమీటర్ల తర్వాత గీత కదిలిందేమో చూస్తే చాలు, జారిందీ లేనిదీ తెలుస్తుంది. చక్రం పైభాగం బయటికి వచ్చింది కాబట్టి స్టీరింగ్ పూర్తిగా తిప్పి టైరు ఫెండర్‌కు, ఏబీఎస్ వైరుకు, బ్రేకు హోస్‌కు తగలట్లేదని చూడండి.

పోలోలో స్ట్రట్ గొట్టం నకిల్‌లో దిగి క్లాంపుతో బిగుస్తుంది, క్యాంబర్ బోల్టుకు చోటే లేదు. సబ్‌ఫ్రేమ్‌ను కొద్దిగా పక్కకు జరిపి ఎడమ కుడి క్యాంబర్ సమం చేయవచ్చు, మొత్తం తగ్గించడం దానివల్ల కాదు. తగ్గించాలంటే స్ట్రట్ పైన సర్దుబాటు ఉన్న టాప్ మౌంట్ ప్లేట్లు కావాలి, అవి మీ స్ట్రట్‌కు సరిపడేవి దొరకాలి. అందుకే అలాంటి కారును ఎక్కువ దించకపోవడమే సులువైన దారి.

కొన్ని షాపుల్లో హైడ్రాలిక్ జాకీ పెట్టి స్ట్రట్‌నే వంచి క్యాంబర్ "తెస్తారు". ఒప్పుకోకండి. గొట్టం వంగితే లోపలి రాడ్ ఒరుసుకుని సీల్ కారుతుంది, షాక్ పోతుంది, మళ్లీ టైరు మీద గిన్నెల పల్లాలు మొదలవుతాయి.

అడుగు 7: చివరి అలైన్‌మెంట్, షాపులో మీరు నిలబడి చేయించాల్సింది

నాలుగు టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే డోరు దగ్గరి స్టిక్కర్ ప్రకారం పెట్టుకుని వెళ్లండి. ట్యాంకు సగం ఉంటే మంచిది. రోజూ మీరొక్కరే నడిపే కారైతే డ్రైవర్ సీటులో మీ అంత బరువు ఉండాలి. 25 కిలోల బియ్యం బస్తాలు మూడు పెడితే సరిపోతుంది. దించిన కారులో డ్రైవర్ బరువు ఒక పక్క ఎత్తునూ, దాంతో టోనూ కదుపుతుంది.

ప్లేట్ల మీదికి ఎక్కాక బాడీని నొక్కి వదలమనండి. ఆ తర్వాత వరస తప్పకూడదు: ముందు వెనక చక్రాలు చూడాలి, తర్వాత ముందు క్యాంబర్, క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వెనక్కు వాలే కోణం), అన్నిటికన్నా చివర ముందు టో. క్యాంబర్ కదిపితే టో మారుతుంది, టో కదిపితే క్యాంబర్ పెద్దగా మారదు. ముందే టో పెట్టి ఆపై క్యాంబర్ తిప్పి "అయిపోయింది సార్" అంటే ఆ పని మళ్లీ చేయించాలి.

రోజువారీ కారుకు ముందు మొత్తం టో సున్నాకు అటూ ఇటూ 5 నిమిషాల్లో ఉండేలా, టో అవుట్ కన్నా టో ఇన్ వైపు మొగ్గేలా పెట్టించండి. రెండు టై రాడ్‌లూ సమంగా తిప్పాలి, లేకపోతే స్టీరింగ్ వంకర నిలుస్తుంది. లాక్ నట్ బిగించేటప్పుడు రాడ్ కొద్దిగా తిరుగుతుంది. రెండు నట్లూ బిగించాకే చివరి అంకె చూడండి, స్క్రీన్ మీద ఆ అంకె ఉండగానే ప్రింట్ తీయించండి. క్యాస్టర్ ఎడమ కుడి అర డిగ్రీ లోపు ఉంటే చాలు. స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ ఉన్న కారులో చివర దాన్ని సున్నా చేయించండి.

ప్రింట్ చదవడంలో రెండు పొరపాట్లు సర్వసాధారణం. ఒకటి, యూనిట్. 0.30 అని ఉంటే అది 30 నిమిషాలా, 0.3 డిగ్రీనా? 0.3 డిగ్రీ అంటే 18 నిమిషాలే. మెషిన్ ఏ పద్ధతిలో ఉందో అడిగి ప్రింట్ మీద రాయించుకోండి. రెండోది, ఆకుపచ్చ రంగు. మెషిన్‌లో ఉన్న పరిధి కంపెనీ ఎత్తుకు ఇచ్చినది. క్యాంబర్ ఎరుపులో ఉన్నా నెగెటివ్ 1.1 అయితే మీకు ఇబ్బంది లేదు. టో ఆకుపచ్చలోనే ఉన్నా పరిధి చివర టో అవుట్ వైపు ఉంటే టైరు పోతుంది. రంగును వదిలి అంకెను చూడండి. చాలా మెషిన్లలో ప్లస్ గుర్తు టో ఇన్, మైనస్ టో అవుట్.

వెనక చక్రాలు

టోర్షన్ బీమ్ కారులో వెనక టో, క్యాంబర్ సర్దుబాటు ఉండవు. దించినందువల్ల పెద్దగా మారవు కూడా. అక్కడ తేడా కనిపిస్తే ఎక్కువగా బీమ్ వంగినట్టో, బేరింగ్ పోయినట్టో, పైవట్ బుష్ చీలినట్టో. అవన్నీ బాగున్నా చిన్న తప్పు మిగిలితే హబ్‌కూ బీమ్ ఫ్లాంజ్‌కూ మధ్య ఏటవాలు షిమ్ (పలచని బిళ్ల) వేయవచ్చు. వేశాక బోల్టు మర పూర్తిగా పట్టిందో లేదో, ఏబీఎస్ సెన్సర్ దూరం మారిందో లేదో చూడాలి. వెనక టో అవుట్‌ను మాత్రం ఒప్పుకోకండి, టైరు తినడమే కాక తడి రోడ్డు మీద తోక జారుతుంది.

మల్టీలింక్ ఉన్న కార్లలో కథ తిరగబడుతుంది. దించితే వెనక నెగెటివ్ క్యాంబర్ బాగా పెరిగి, వెనక టైర్ల లోపలి అంచులే ముందు పోతాయి. కంపెనీ ఇచ్చిన ఎక్సెంట్రిక్ బోల్టుల (తిప్పితే ఆర్మ్‌ను పక్కకు జరిపేవి) సర్దుబాటు చాలకపోతే పొడవు మార్చుకోగల ఆర్మ్‌లు వేయాల్సి వస్తుంది.

అడుగు 8: తర్వాతి 5,000 కిలోమీటర్లు

గాలి స్టిక్కర్ మీదున్నంతే. కారు దించినందుకు బరువు మారలేదు, గాలి పెంచాల్సిన పని లేదు. పెంచితే మధ్య అరుగుతుంది, తగ్గితే రెండు అంచులూ అరుగుతాయి. ఎండలో తిరిగొచ్చిన టైరు ఎక్కువ చూపిస్తుందని గాలి తీసేయకండి, పొద్దున్నే చూడండి.

వెనక షాక్ రాడ్‌కు ఒక ప్లాస్టిక్ జిప్ టై బిగించి, షాక్ గొట్టం దాకా కిందికి జరిపి ఉంచండి. ఇంటిల్లిపాదీ కూర్చుని, సామాను వేసుకుని ఒక ఊరు వెళ్లి రండి. టై ఎంత పైకి జరిగితే షాక్ అంత లోపలికి వెళ్లింది. అది బంప్ స్టాపులో పూర్తిగా నలిగేంత దాకా పోతే, మీ బరువుకు ఆ స్ప్రింగులు చాలవు. గుద్దుకున్న ప్రతిసారీ బరువంతా టైరే మోస్తుంది.

5,000 కిలోమీటర్లకు పన్నెండు లోతులూ మళ్లీ కొలవండి. ఉదాహరణకు 8 మి.మీ. కొత్త టైరు లోపల 6.2, మధ్య 7.0, బయట 7.1 చూపించిందనుకోండి. బయట 0.9 అరిగితే లోపల 1.8 అరిగింది, సరిగ్గా రెట్టింపు. ఇదే వేగంతో పోతే లోపలి అంచు 18,000 కిలోమీటర్ల లోపే 1.6 మి.మీ. హద్దుకు చేరుతుంది. ఆ దశలో పట్టుకుంటే టైరు దక్కుతుంది. లోపలికీ బయటికీ తేడా 0.3 లోపు ఉంటే మీ అమరిక బాగుంది, 10,000 దాకా మళ్లీ ముట్టుకోవద్దు. పెద్ద గుంతలో పడితే మాత్రం అదే వారం చూపించండి.

కొలతతో పాటు అరచేతితో కూడా చూడండి. ముందు టైరు మీద చేయి అడ్డంగా, బయటి నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి నిమరండి. ఒక దిక్కున నున్నగా, ఇంకో దిక్కున రంపంలా గీసుకుంటే అది టో. బయటి నుంచి లోపలికి వస్తున్నప్పుడు గీసుకుంటే టో అవుట్, లోపలి నుంచి బయటికి పోతున్నప్పుడు గీసుకుంటే టో ఇన్. ఏ దిక్కునా గీసుకోకుండా లోపలి అంచు నున్నగా వాలిపోయి ఉంటే క్యాంబర్. చుట్టూతా ఎత్తుపల్లాలు తగిలితే షాక్ లేదా బ్యాలెన్సింగ్. లోతులో తేడా కనిపించకముందే ఈ గీత చేతికి తెలుస్తుంది, నెలకోసారి ఒక నిమిషం చాలు.

బయటి అంచు అరుగుతున్నా ఆశ్చర్యపోకండి. ఆర్మ్ బయటి కొస బాగా పైకి లేచిపోతే కారు రోల్ సెంటర్ (కారు పక్కకు ఒరిగేటప్పుడు తిరిగే బిందువు) కిందికి పడిపోతుంది, మలుపుల్లో కారు ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. ఒరిగినప్పుడు రావాల్సిన నెగెటివ్ క్యాంబర్ కూడా రాదు. బరువంతా బయటి భుజం మీద పడుతుంది. మరీ కిందికి దించిన కారులో దీనికి మందు కారును 10 మి.మీ. పైకి లేపడమే, అలైన్‌మెంట్ కాదు.

టైర్ల స్థానాలు 5,000కు ఒకసారి మార్చండి. బాణం గుర్తు ఉన్న టైర్లు అదే పక్కన ముందు వెనకలకే మారాలి. బాణం గానీ, లోపల బయట అన్న గుర్తు గానీ లేని మామూలు టైర్లలో ఇంకో వీలుంది. లోపలి అంచు 3 మి.మీ. దాకా అరిగి బయట ఇంకా నిండుగా ఉంటే, టైరును రిమ్ నుంచి తీసి తిప్పి ఎక్కించి, బ్యాలెన్సింగ్ చేయించండి. టో సరిచేశాకే ఇది చేయాలి, లేకపోతే రెండో అంచు కూడా అదే దారిన పోతుంది. ఎక్కడైనా తీగ కనిపించిన టైరును మాత్రం తిప్పి వేయవద్దు, స్టెప్నీగా డిక్కీలో కూడా ఉంచవద్దు.